రాడార్ డిటెక్టర్ (వాహన చోదనంలో)

పోలీసుల స్పీడ్ గన్ నుంచి వెలువడే మైక్రోవేవ్ తరంగాలను పసిగట్టి, బండి నడిపేవారికి చప్పుడుతో, వెలుగుతో ముందుగా తెలియజేసే చిన్న రేడియో రిసీవర్‌ను రాడార్ డిటెక్టర్ అంటారు. దీన్ని కారు ముందు అద్దానికి లోపలివైపు అతికించి గానీ, డ్యాష్‌బోర్డు మీద పెట్టి గానీ వాడతారు. అమెరికాలో 1970ల నుంచి విరివిగా అమ్ముడుపోయిన ఈ పరికరం భారతదేశంలో ఎప్పుడూ పెద్దగా వాడుకలోకి రాలేదు. విదేశాల నుంచి తెచ్చుకున్నవి, ఆన్‌లైన్‌లో కొన్నవి మాత్రం అక్కడక్కడ కార్లలో కనిపిస్తాయి. కర్ణాటకలోని బళ్లారి జిల్లాలోను, దాన్ని ఆనుకుని ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న అనంతపురం, కర్నూలు జిల్లాల్లోను రోడ్ల మీద ఇది ఎంతవరకు పనికొస్తుందన్నది ఈ వ్యాసంలో ప్రత్యేకంగా చర్చించిన అంశం.

నిర్వచనం, పోలికలు

డిటెక్టర్ తరంగాలను అందుకుంటుందే తప్ప పంపదు. పోలీసు గన్‌ను తికమక పెట్టడానికి తానే తరంగాలు వెదజల్లే పరికరం జామర్. ఈ రెంటినీ ఒకటిగా భావించడం తరచుగా జరిగే పొరపాటు. చట్టం దృష్టిలో వీటి మధ్య తేడా చాలా ఉంది (చూ. భారత చట్టంలో స్థానం). మూడో రకం జీపీఎస్ హెచ్చరిక పరికరం. ఇది ఏ తరంగాన్నీ పసిగట్టదు. తనలో ముందే నమోదై ఉన్న కెమెరాల జాబితాను బండి ఉన్న చోటుతో పోల్చి చూసి మాట్లాడుతుంది. డిటెక్టర్ పేరుతో అమ్ముడయ్యే చవక పరికరాల్లో ఈ మూడో రకానివీ ఉంటాయి. వాటిలో యూరప్ కెమెరాల జాబితా ఉంటే, అది బళ్లారి జిల్లాలోని తోరణగల్లు రోడ్డు మీద ఏ హెచ్చరికా ఇవ్వలేదు.

పనితీరు

స్పీడ్ గన్‌కు ఆధారం ఆస్ట్రియా శాస్త్రవేత్త క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రతిపాదించిన సూత్రం. కదిలే వస్తువును తాకి తిరిగొచ్చిన తరంగం పౌనఃపున్యం కొద్దిగా మారుతుంది. ఆ మార్పు వేగానికి అనులోమంగా ఉంటుంది. 24.15 గిగాహెర్ట్జ్ గన్ ఎదురుగా కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వస్తే తిరుగు తరంగంలో తేడా సుమారు 4,470 హెర్ట్జ్ ఉంటుంది. ఈ తేడాను గన్ లెక్కగట్టి కిలోమీటర్లలోకి మార్చి చూపుతుంది. కారు గన్‌కు సూటిగా కాక పక్కకు కోణంలో పోతుంటే గన్ అసలు వేగం కంటే తక్కువే చూపుతుంది. 10 డిగ్రీల కోణంలో ఈ తగ్గుదల ఒకటిన్నర శాతం. అంటే నిలబెట్టిన గన్ విషయంలో కోణం వల్ల వచ్చే పొరపాటు బండి నడిపేవారి వైపే మొగ్గుతుంది.

గన్ కారును కొలవకముందే డిటెక్టర్ గన్‌ను పసిగట్టగలగడానికి కారణం సులువుగానే అర్థమవుతుంది. గన్‌కు కావలసింది వెళ్లి తిరిగొచ్చిన తరంగం. డిటెక్టర్‌కు ఒకవైపు ప్రయాణం చాలు. దూరం రెట్టింపయితే డిటెక్టర్‌ను చేరే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. గన్‌కు తిరిగొచ్చే శక్తి మాత్రం పదహారో వంతుకు పడిపోతుంది. అందుకే తిన్నని, చదునైన రోడ్డు మీద గన్ వేగాన్ని కొలవగలిగే దూరం కంటే ఎంతో ముందే డిటెక్టర్ మోగుతుంది. తన ముందు పోయే బండ్ల మీద గన్ ఎక్కుపెట్టినప్పుడు చెదిరిన తరంగాలు కూడా దానికి అందుతాయి. గన్‌ను నిరంతరం ఆన్‌లో ఉంచకుండా, బండి దగ్గరికి వచ్చాకే మీట నొక్కే పోలీసు దగ్గర ఈ అనుకూలత పోతుంది. రోడ్డు మీద ముందు వేరే బండి లేకపోతే, డిటెక్టర్ మోగేసరికి కొలత అయిపోయి ఉంటుంది.

పోలీసు రాడార్లు ప్రధానంగా మూడు పట్టీల్లో పనిచేస్తాయి. పాతది 10.525 గిగాహెర్ట్జ్ దగ్గరి ఎక్స్ బ్యాండ్. రెండోది 24.15 దగ్గరి కె బ్యాండ్. మూడోది 33.4 నుంచి 36 గిగాహెర్ట్జ్ వరకు పరుచుకున్న కెఎ బ్యాండ్. కె బ్యాండ్‌లోనే దుకాణాల ఆటోమేటిక్ తలుపులు, కొన్ని కార్లలో పక్క బండ్లను గమనించే సెన్సర్లు కూడా పనిచేస్తాయి. అందువల్ల పట్టణంలో డిటెక్టర్ అనవసరంగా పదేపదే మోగుతుంది. విసుగెత్తి దాని శబ్దం తగ్గించుకున్నవాళ్లకు అసలు హెచ్చరిక వచ్చినా వినిపించదు. లోహపు పూత ఉన్న అద్దం వెనక పెడితే తరంగాలు లోపలికి చేరేసరికే బలహీనపడతాయి.

మంచి డిటెక్టర్లన్నీ సూపర్‌హెటరోడైన్ పద్ధతిలో పనిచేస్తాయి. బయటి తరంగంతో కలిపి చూసుకోవడానికి వాటిలో ఒక చిన్న ఆసిలేటర్ ఉంటుంది. దాని నుంచి రవ్వంత తరంగం బయటికి కారుతుంది. నిషేధం ఉన్న ప్రాంతాల్లో పోలీసులు ఈ కారే తరంగాన్నే పట్టి, ఏ బండిలో డిటెక్టర్ ఉందో తెలుసుకుంటారు. ఈ పని చేసే పరికరానికి డిటెక్టర్‌ను పసిగట్టే డిటెక్టర్ అనే పేరుంది.

చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో జాన్ బార్కర్, బెన్ మిడ్‌లాక్ అనే అమెరికన్ ఇంజినీర్లు విమానాలు నేలకు దిగే వేగాన్ని కొలవడానికి ఒక డాప్లర్ రాడార్ తయారుచేశారు. యుద్ధం ముగిశాక దాన్నే రోడ్డు మీదికి తెచ్చారు. 1947లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులు గ్లాస్టన్‌బరీ పట్టణంలో దాన్ని పరీక్షించారు. తొలిదశలో బండ్ల లెక్క తీయడానికి, హెచ్చరించడానికే వాడారు. 1949 ఫిబ్రవరి నుంచి ఆ కొలత ఆధారంగా జరిమానాలు మొదలయ్యాయి.

డిటెక్టర్‌కు గిరాకీ తెచ్చింది చమురు సంక్షోభం. ఇంధనం పొదుపు చేయడానికి 1974లో అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ల, అంటే సుమారు 88 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని విధించింది. వందల మైళ్లు పోవాల్సిన లారీ డ్రైవర్లకు ఆ పరిమితి భారమైంది. ఒహాయో రాష్ట్రానికి చెందిన డేల్ స్మిత్ రూపొందించిన ఫజ్‌బస్టర్ అనే డిటెక్టర్ ఆ దశాబ్దంలో ఇంటింటా తెలిసిన పేరైంది. 1978లో సిన్సినాటి మైక్రోవేవ్ సంస్థ నుంచి జిమ్ జేగర్, మైక్ వాలెంటైన్ తెచ్చిన ఎస్కార్ట్, సూపర్‌హెటరోడైన్ పద్ధతిని ఈ రంగంలోకి తెచ్చి, గన్‌ను పసిగట్టే దూరాన్ని బాగా పెంచింది. అక్కడి నుంచి పోటీ మొదలైంది. పోలీసులు కొత్త బ్యాండ్‌కు మారినప్పుడల్లా డిటెక్టర్ తయారీదారులు దాన్ని అందుకున్నారు. 1990ల తొలినాళ్లలో లేజర్ గన్ వచ్చాక ఆ పోటీ స్వభావమే మారిపోయింది.

లేజర్ గన్, సగటు వేగపు కెమెరా

లేజర్ గన్ రేడియో తరంగాలను వాడదు. 904 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపి, ఒక్కొక్కటి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని, దూరంలో వచ్చిన మార్పును బట్టి వేగాన్ని లెక్కిస్తుంది. ఆ కిరణం 300 మీటర్ల దూరంలో కూడా సుమారు ఒక మీటరు వెడల్పే ఉంటుంది. పది బండ్లు గుంపుగా వస్తున్నా కావలసిన నంబరు ప్లేటు మీదే దాన్ని నిలపవచ్చు. కొలతకు అర సెకను చాలు. ఆ అర సెకనులో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే కారు కదిలేది 14 మీటర్లు. లేజర్‌నూ గుర్తించే సెన్సర్ చాలా డిటెక్టర్లలో ఉంటుంది. అయితే అది మోగిందంటే కారు వేగం అప్పటికే గన్ తెర మీద పడిపోయినట్టు. బ్రేకు మీదికి కాలు వెళ్లేలోపే ఫొటో కూడా తీసి ఉంటుంది.

రెండు చోట్ల కెమెరాలు పెట్టి, నంబరు ప్లేటు చదివి, మధ్య దూరాన్ని పట్టిన కాలంతో భాగించే సగటు వేగపు పద్ధతిలో పసిగట్టడానికే ఏమీ ఉండదు. కెమెరా దగ్గర నెమ్మదించి, దాటాక పరుగెత్తే అలవాటు అక్కడ పనికిరాదు.

బళ్లారి సరిహద్దు రహదారులు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. 2021లో హొసపేటె కేంద్రంగా విజయనగర జిల్లా విడిపోయాక బళ్లారికి బళ్లారి, సిరుగుప్ప, సండూరు, కురుగోడు, కంప్లి తాలూకాలు మిగిలాయి. జిల్లా తూర్పు హద్దుకు రెండు పక్కలా తెలుగు, కన్నడం కలిసి మాట్లాడే ఊళ్లే. రాయదుర్గంలోనూ బళ్లారిలోనూ జీన్స్ కుట్టు పరిశ్రమ ఉంది. వైద్యం, చదువు, పెళ్లి బట్టలు, ధాన్యం బేరాలు ఇలా ఏ పనికైనా హద్దు దాటి పోవడం ఇక్కడివాళ్లకు నిత్యకృత్యం. కర్ణాటకలో కెఎ 34 నంబరు, ఆంధ్రలో ఎపి 02, ఎపి 21, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఎపి 39 నంబర్లు ఉన్న బండ్లు ఒకే రోడ్డు మీద తిరుగుతాయి.

ఈ ప్రాంతపు వెన్నెముక 67వ జాతీయ రహదారి. హొసపేటె నుంచి తోరణగల్లు ఉక్కు కర్మాగారం, కుడితిని విద్యుత్ కేంద్రం మీదుగా బళ్లారి చేరి, విడపనకల్లు దగ్గర ఆంధ్రలోకి వచ్చి గుంతకల్లు, గుత్తి వైపు సాగుతుంది. 150ఎ జాతీయ రహదారి సిరుగుప్ప నుంచి బళ్లారి మీదుగా హిరియూరుకు పోతుంది. 167వ రహదారి హగరి దగ్గర మొదలై ఆలూరు, ఆదోనిల మీదుగా ఉత్తరానికి పోతుంది. తిన్నగా, చెట్లు తక్కువగా, మైళ్ల దూరం కనిపించే నల్లరేగడి నేలల రోడ్లివి. వేగం తెలియకుండానే పెరిగిపోయేది ఇలాంటి చోటనే. ఇవే రోడ్ల మీద ఇనుప ఖనిజం లారీలు, సిరుగుప్ప వైపు వరి పంట ట్రాక్టర్లు, వెనక దీపం లేని ఎద్దుల బండ్లు పోతుంటాయి. 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్లారి ఖనిజ తవ్వకాలను ఆపే దాకా, ఎగుమతుల వెల్లువ సాగిన ఏళ్లలో ఖనిజం లారీల వరుసలు ఈ రోడ్లను నలగగొట్టాయి. ఆ కాలంలో ఇక్కడ బండి నడిపినవారికి వేగం కంటే గుంతలు, దుమ్ము పెద్ద సమస్య. రోడ్లు వెడల్పయిన తరువాతే స్పీడ్ గన్ మాట వినిపించసాగింది.

ఉభయ రాష్ట్రాల పోలీసులు వేగం పట్టుకోవడానికి ఎక్కువగా వాడేది ఇంటర్‌సెప్టర్ వాహనం. లేజర్ గన్, కెమెరా, మద్యం తాగినదీ లేనిదీ చూసే పరికరం అందులో ఉంటాయి. ఇక్కడ గన్ అంటే చాలావరకు లేజర్ గన్నే. అందుకే అమెరికా నుంచి తెచ్చిన ఖరీదైన రాడార్ డిటెక్టర్ ఈ రోడ్ల మీద రోజంతా మూగగా ఉండిపోవచ్చు. ఒకవేళ మోగినా అది పక్క కారు సెన్సర్‌ను చూసి మోగి ఉండవచ్చు.

ఈ రోడ్ల మీద నిజంగా పనిచేసిన డిటెక్టర్ ఎదురుగా వచ్చే డ్రైవరే. ముందు తనిఖీ ఉంటే హెడ్‌లైట్లు రెండుసార్లు కొట్టి చెప్పడం లారీ, జీపు డ్రైవర్ల పాత మర్యాద. గన్ పెట్టినవాళ్లు ఒకచోట, బండి ఆపేవాళ్లు ముందు ఇంకోచోట ఉండే రోజుల్లో ఆ సైగకు విలువ ఉండేది. పక్క రాష్ట్రపు బండి అప్పుడే ఆగకపోతే జరిమానా వసూలు చేయడం కష్టం గనక పోలీసులూ అక్కడికక్కడే ఆపేవారు. ఇప్పుడు బండ్ల రిజిస్ట్రేషన్ వివరాలుండే వాహన్ డేటాబేస్‌లో రెండు రాష్ట్రాల నంబర్లూ ఉన్నాయి. గుంతకల్లు కారుకు బళ్లారిలో పడిన ఈ-చలానా నేరుగా యజమాని ఫోనుకు వస్తుంది. 2019 నుంచి గూగుల్ మ్యాప్స్ భారతదేశంలోనూ వేగపు కెమెరాలను చూపుతోంది. లైట్ల సైగకు, మ్యాప్‌కు ఒక ముఖ్యమైన తేడా ఉంది. మ్యాప్ స్థిరమైన కెమెరాను చూపి నెమ్మదిగా పొమ్మంటుంది. లైట్ల సైగ మాత్రం తాగి నడిపేవాడినీ, దొంగ బండినీ కూడా తనిఖీ నుంచి తప్పిస్తుంది.

భారత చట్టంలో స్థానం

1988 మోటారు వాహనాల చట్టంలో రాడార్ డిటెక్టర్‌ను పేరుపెట్టి నిషేధించిన సెక్షన్ లేదు. అంతమాత్రాన అది నిరభ్యంతరమైనదని చెప్పలేం. 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడాన్ని నేరంగా పరిగణించింది. సంకేతాలను అందుకునే పరికరం కూడా దాని పరిధిలోకి వచ్చేంత విశాలంగా ఆ చట్టపు భాష ఉంది. జామర్ విషయంలో సందేహానికి తావే లేదు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 48వ సెక్షన్ 2024 జులై 5న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వ అనుమతి లేకుండా టెలికమ్యూనికేషన్‌ను అడ్డుకునే పరికరాన్ని కలిగి ఉండడమే దాని కింద తప్పు.

వేగానికి సంబంధించిన నేరం మోటారు వాహనాల చట్టంలోని 183వ సెక్షన్ కిందికి వస్తుంది. 2019 సవరణ తరువాత తేలికపాటి వాహనానికి 1,000 నుంచి 2,000 రూపాయలు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయలు జరిమానా. రెండోసారి దొరికితే లైసెన్సు స్వాధీనం చేసుకోవచ్చు. రాజీ రుసుము ఎంతన్నది రాష్ట్రాలు నిర్ణయిస్తాయి గనక సరిహద్దుకు రెండువైపులా మొత్తం ఒకటే ఉండాలని లేదు. కర్ణాటకలో 2024 ఆగస్టు 1 నుంచి గంటకు 130 కిలోమీటర్లు దాటి నడిపితే జరిమానాతో సరిపెట్టకుండా ఎఫ్ఐఆర్ నమోదు చేస్తామని పోలీసులు ప్రకటించారు.

గరిష్ఠ వేగాలను కేంద్రం 2018 ఏప్రిల్‌లో నిర్ణయించింది. కార్లకు డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద 100, మామూలు రోడ్ల మీద 70. సరుకు లారీలకు 80, 60. ఇవి పై హద్దులు మాత్రమే. స్థానికంగా ఇంతకంటే తక్కువ పెట్టవచ్చు. ఈ ప్రాంతంలో చాలామంది దొరికిపోయేది డివైడర్ ముగిసి 100 కాస్తా 70 అయ్యే చోట. బోర్డు మీది కన్నడం రాదన్న ఇబ్బంది తెలుగువారికి అంతగా ఉండదు. కన్నడంలో రాసే ‘వేగ మితి’ తెలుగు చదివినవారి కంటికి ఇట్టే ఆనుతుంది.

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేరిన 167ఎ నియమం డిటెక్టర్ అవసరాన్నే ప్రశ్నార్థకం చేసింది. స్పీడ్ కెమెరా, స్పీడ్ గన్ వంటి పరికరాలతో నిఘా ఉన్న రోడ్డు భాగానికి ముందే కనబడేలా హెచ్చరిక బోర్డు పెట్టాలని, నోటీసును నేరం జరిగిన 15 రోజుల్లో పంపాలని అది చెబుతుంది. పసిగట్టాల్సిన విషయాన్ని ప్రభుత్వమే బోర్డు మీద రాసి చెప్పాలన్నమాట. బోర్డు లేని చోట నిలదీయాల్సింది ఆ లోపాన్నే.

ఇతర దేశాలు, ప్రవాస తెలుగువారు

అమెరికాలో సొంత కారులో డిటెక్టర్ వాడడం చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమే. వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ డీసీలో నిషేధం. న్యూజెర్సీ నుంచి బయలుదేరి తెలుగువారు ఎక్కువగా ఉండే ఉత్తర వర్జీనియాకు పోయేవారు రాష్ట్రం మారగానే దాన్ని తీసేయాలి. 10,000 పౌండ్లు మించిన వాణిజ్య వాహనాల్లో దేశమంతటా నిషేధం ఉంది. అక్కడ రాష్ట్రం దాటితే పరికరం నేరమవుతుంది. బళ్లారి హద్దుకు రెండువైపులా వర్తించేది దేశమంతటికీ ఒకటే అయిన మోటారు చట్టం. మారేవి వసూలు చేసే మొత్తం, పట్టుకునే తీరు.

బ్రిటన్‌లో 1998 జనవరి నాటి హైకోర్టు తీర్పు డిటెక్టర్ వాడకాన్ని నేరం కాదని తేల్చింది. ఆస్ట్రేలియాలో పశ్చిమ ఆస్ట్రేలియా తప్ప మిగతా రాష్ట్రాలు దాన్ని నిషేధించాయి. ఫ్రాన్స్, జర్మనీ, స్విట్జర్లాండ్ కఠినంగా ఉంటాయి. కెనడాలో అల్బెర్టా, బ్రిటిష్ కొలంబియా, సస్కాచివాన్ మినహా ఎక్కువ ప్రాంతాల్లో అనుమతి లేదు.

రోడ్డు భద్రత

2022లో భారతదేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ మరణాల్లో 71.2 శాతానికి మితిమీరిన వేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక పేర్కొంది. వేగం 80 నుంచి 100కు పెరిగితే బండి గతిశక్తి 56 శాతం పెరుగుతుంది. ఢీకొన్నప్పుడు బయటపడేది ఆ శక్తే. డిటెక్టర్‌ను సమర్థించేవారు అది మోగినప్పుడల్లా వేగం తగ్గుతుంది కదా అంటారు. తగ్గడం నిజమే. అయితే అది ఒక్కసారిగా, బ్రేకు మీద తగ్గుతుంది. వెనక 30 టన్నుల ఖనిజంతో వస్తున్న లారీకి ఆ కారణం తెలియదు. గన్ దాటాక వేగం మళ్లీ పెరుగుతుంది. ఎద్దుల బండి ఎదురయ్యేది మాత్రం గన్ లేని చోట.

వేగాన్ని అదుపులో పెట్టే ఏర్పాట్లు బండిలోనే ఉన్నాయి. 2019 జులై నుంచి తయారయ్యే కొత్త కార్లు 80 దాటితే నిమిషానికొకసారి, 120 దాటితే ఆగకుండా మోగాలి. రవాణా వాహనాలకు 80 కిలోమీటర్ల వద్ద ఆపే స్పీడ్ గవర్నర్ నియమం ఉంది.

కొలత మీద నమ్మకం (చూ. తూనికలు, కొలతల చట్టం)

గన్ చూపిన అంకె తప్పేమోనన్న అనుమానం డిటెక్టర్ కొనేవారి వాదనల్లో ఒకటి. ఆ అనుమానానికి చట్టంలోనే దారి ఉంది. 183వ సెక్షన్ ప్రకారం ఒక్క సాక్షి అంచనా మీద మాత్రమే శిక్ష వేయకూడదు. ఆ అంచనాకు యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరపు కొలత ఆధారంగా ఉండాలి. 167ఎ నియమం ప్రకారం ఆ పరికరానికి ఏటా కొత్తది చేయించుకున్న ఆమోద పత్రం ఉండాలి. చలానాతో పాటు నంబరు ప్లేటు కనిపించే ఫొటో, కొలత, తేదీ, సమయం, స్థలం, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి చట్టం అడిగే ధ్రువీకరణ జతచేయాలి. వాహన వేగాన్ని కొలిచే రాడార్ పరికరాలను తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలన్న నియమాలు 2025 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. బియ్యం తూచే కాటాకు ఉండే ముద్ర లాంటిదే ఇది. చలానాను ఒప్పుకోని యజమాని ఈ పత్రాలను కోరుతూ కోర్టులో వాదించవచ్చు.